చట్టంలోని రేటు, కంపెనీ కట్టే రేటు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడి నుంచి చూస్తే కామర్సు విద్యార్థులు కనిపిస్తున్నారు, గాజువాక ఆటోనగర్ నుంచి వచ్చిన చిన్న పరిశ్రమల వారు కనిపిస్తున్నారు, పోర్టులోనూ ఉక్కు కర్మాగారంలోనూ పని చేసి రిటైరైన పెద్దలూ ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా మాట్లాడే ప్రయత్నం చేస్తాను. కొన్ని లెక్కలు తప్పవు. లెక్కలు లేకుండా పన్నుల గురించి మాట్లాడితే అది ఉత్త ఆవేశమే అవుతుంది.

కంపెనీల పన్ను ప్రస్తావన రాగానే మన దగ్గర రెండు వాదనలు లేస్తాయి. పెద్ద కంపెనీలు పన్ను ఎగ్గొడుతున్నాయని ఒకరంటారు. పన్నుల భారంతో పరిశ్రమలు చితికిపోతున్నాయని ఇంకొకరంటారు. ఇద్దరూ పట్టుకునే అంకె మాత్రం చట్టంలో రాసి ఉన్న రేటే. సరిగ్గా ఆ రేటుకే పన్ను కట్టే కంపెనీ నా వృత్తిలో నాకు చాలా అరుదుగా తగిలింది. కొన్ని అంతకన్నా తక్కువ కడతాయి, కొన్ని ఎక్కువ కడతాయి. ఎక్కువ కట్టేవి కూడా ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. నన్ను బాధపెట్టేది అదే, ఎందుకంటే ఆ ఎక్కువ కట్టేవాటిలో చిన్నవే ఎక్కువ.

పన్నుకు ముందు లాభం వంద రూపాయలైతే అందులో పన్ను కింద పోయింది ఎంత? దాన్నే ఎఫెక్టివ్ ట్యాక్స్ రేటు అంటారు. ఈ సాయంత్రం నేను దాన్ని ‘అసలు రేటు’ అంటాను. చట్టంలో ఉన్నదాన్ని ‘చట్టం రేటు’ అంటాను. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కడ పుడుతుందన్నదే మన విషయం. సెక్షన్ నంబర్లు చెప్పను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి. సూత్రం తెలిస్తే నంబరు మీరే వెతుక్కోగలరు.

ముందు చట్టం రేటు. 2019 సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గోవాలో కంపెనీల పన్ను తగ్గింపు ప్రకటించారు. చాలా మినహాయింపులు వదులుకోవడానికి సిద్ధపడే కంపెనీకి 22 శాతం. దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు. అన్నీ కలిపితే 25.168 శాతం. ఆ ఏడాది అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ ఏర్పడి, గడువులోగా ఉత్పత్తి మొదలుపెట్టే కొత్త తయారీ కంపెనీకి 15 శాతం, అన్నీ కలిపితే 17.16. దీనివల్ల ఖజానాకు 1,45,000 కోట్ల రూపాయల ఆదాయం తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా వేసి చెప్పింది.

అప్పట్లో పత్రికలన్నీ ఇది పరిశ్రమకు వరం అని రాశాయి. ఏ పరిశ్రమకు? పాత పద్ధతిలో, ఏడాదికి పది కోట్లు దాటి ఆదాయం ఉన్న పెద్ద కంపెనీకి 30 శాతం పన్ను, 12 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు. మొత్తం 34.944. కొత్త పద్ధతికి మారితే ప్రతి వంద రూపాయల్లో 9 రూపాయల 78 పైసలు మిగులుతాయి. మరి 400 కోట్ల లోపు టర్నోవరు, కోటి లోపు ఆదాయం ఉన్న చిన్న కంపెనీ? దానికి పాత పద్ధతిలోనే 25 శాతం, సర్‌చార్జి లేదు, సెస్సుతో కలిపి 26. కొత్త పద్ధతికి మారితే, ఆదాయం ఎంత తక్కువైనా 10 శాతం సర్‌చార్జి పడుతుంది కాబట్టి, మిగిలేది వంద రూపాయలకు 83 పైసలు. పెద్ద కంపెనీ ఆ తొమ్మిది రూపాయల కోసం మినహాయింపులు వదులుకుంది, నిజమే. ఆ లెక్క వేసినా, ఆ రోజు ప్రకటించిన వరంలో ఆటోనగర్ వాటా 83 పైసలే. ఇక మన ఊళ్లో బోలెడు వ్యాపారాలు భాగస్వామ్య సంస్థలు. వాటికి ఆ తగ్గింపు అసలు రాలేదు. అవి ఇంకా 30 శాతం దగ్గరే ఉన్నాయి.

ఇంతవరకూ రేటు సంగతి. అసలు కథ రేటులో లేదు. ఆ రేటును ఏ మొత్తం మీద వేస్తారన్న దానిలో ఉంది.

కంపెనీకి రెండు లాభాలు ఉంటాయి. వాటాదారులకు చూపించేది ఒకటి. అది కంపెనీల చట్టం, అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం లెక్కించింది. పన్ను శాఖకు చూపించేది మరొకటి. అది ఆదాయపు పన్ను చట్టం ప్రకారం లెక్కించింది. ఇందులో రహస్యం గానీ దొంగతనం గానీ లేదు. రెండు చట్టాలూ పార్లమెంటు చేసినవే. కానీ వాటాదారుల లాభాన్ని కింద పెట్టి, పన్ను శాఖకు కట్టిన పన్నును పైన పెట్టి భాగిస్తాం కాబట్టి, ఆ రెండు లాభాలూ ఎంత దూరమైతే అసలు రేటు చట్టం రేటుకు అంత దూరమవుతుంది.

దీనికి మన జిల్లా నుంచే ఉదాహరణ ఉంది. రాష్ట్ర విభజన తర్వాత, ఆంధ్రప్రదేశ్‌లో ఏడు ఉమ్మడి జిల్లాలను వెనుకబడిన ప్రాంతాలుగా ఆదాయపు పన్ను ప్రయోజనాల కోసం నోటిఫై చేశారు. రాయలసీమ నాలుగు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు ఈ జిల్లాల్లో కొత్త తయారీ యూనిట్ పెట్టి కొత్త యంత్రాలు బిగిస్తే, మామూలు తరుగుదల (అరుగుదల కింద యంత్రం ఖరీదులో ఏటా ఖర్చుగా తీసేసుకునే భాగం) 15 శాతానికి తోడు అదనపు తరుగుదల 35 శాతం వచ్చేది. ఇలా నోటిఫై చేయని ప్రాంతాల్లో ఈ అదనం 20 శాతమే. దానికి తోడు ఇంకో 15 శాతం పెట్టుబడి అలవెన్సు.

ఒక యూనిట్ ఊహించండి. పది కోట్ల యంత్రం. తరుగుదలకు ముందు లాభం ఎనిమిది కోట్లు. వాటాదారుల పుస్తకాల్లో ఆ యంత్రం ఖర్చును పదిహేనేళ్ల మీద సమంగా పరుస్తారు, ఏడాదికి సుమారు 67 లక్షలు. కాబట్టి పుస్తకాల్లో లాభం 7 కోట్ల 33 లక్షలు. పన్ను లెక్కలో మొదటి ఏడాదే 50 శాతం తరుగుదల, 15 శాతం అలవెన్సు, మొత్తం ఆరున్నర కోట్లు తీసేయవచ్చు. మిగిలింది కోటిన్నర. అప్పటి రేటు సర్‌చార్జి, సెస్సులతో కలిపి సుమారు 33 శాతం. పన్ను 50 లక్షలు. 7 కోట్ల 33 లక్షల మీద 50 లక్షలంటే 7 శాతం లోపే.

ఇక్కడ విద్యార్థులు ఒక భేదం పట్టుకోవాలి. ఆ ఆరున్నర కోట్లలో అయిదు కోట్ల తరుగుదల శాశ్వత లాభం కాదు. యంత్రం ఖర్చు మొత్తం పది కోట్లే. దాన్ని ముందే తీసేసుకుంటే తర్వాతి సంవత్సరాల్లో తీసుకోవడానికి తక్కువ మిగులుతుంది, అప్పుడు పన్ను ఎక్కువ పడుతుంది. ప్రభుత్వం పన్ను మాఫీ చేయలేదు, వాయిదా వేసింది. అదే ఆ కోటిన్నర పెట్టుబడి అలవెన్సు చూడండి, అది యంత్రం ఖరీదుకు అదనం. మళ్లీ వెనక్కి రాదు. ఒకటి వడ్డీ లేని అప్పు లాంటిది, రెండోది నిజమైన రాయితీ. ‘ఫలానా కంపెనీ ఏడు శాతమే కట్టింది’ అని ఎవరైనా అంటే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. వాయిదా పడిందా, మాఫీ అయిందా?

అయితే ఆ యూనిట్ నిజంగా 50 లక్షలు కట్టి ఊరుకోగలదా? లేదు. అక్కడ కనీస ప్రత్యామ్నాయ పన్ను అడ్డు వస్తుంది. అందరూ మ్యాట్ అంటారు. దాని వెనుక ఒక చరిత్ర ఉంది. 1980లలో పెద్ద పెద్ద కంపెనీలు వాటాదారులకు లాభాలు చూపించి, డివిడెండ్లు పంచి, పన్ను మాత్రం సున్నా కట్టేవి. తరుగుదలలు, అలవెన్సులు అన్నీ చట్టబద్ధమే. 1987 బడ్జెట్‌ను ప్రధాని రాజీవ్ గాంధీయే ప్రవేశపెట్టారు. అందులో, పుస్తకాల్లో చూపిన లాభం మీద కనీసం ఇంత కట్టి తీరాలన్న నిబంధన మొదటిసారి వచ్చింది. కొన్నాళ్లకు తీసేశారు, సున్నా పన్ను కంపెనీలు మళ్లీ పుట్టుకొచ్చాయి, 1996లో చిదంబరం దాన్ని తిరిగి తెచ్చారు. మన ఉదాహరణ నాటికి మ్యాట్ 18.5 శాతం, సర్‌చార్జి, సెస్సులతో కలిపి ఇరవై దాటుతుంది. అంటే ఆ యూనిట్ కట్టాల్సింది 50 లక్షలు కాదు, దాదాపు కోటిన్నర. అప్పటి నిబంధన ప్రకారం, అదనంగా కట్టిన కోటి క్రెడిట్‌గా మిగిలి, ముందు ముందు మామూలు పన్ను ఎక్కువ పడిన ఏడాది సర్దుబాటు అయ్యేది.

చూశారా? వెనుకబడిన జిల్లా అని ఒక చేత్తో ఇచ్చారు, కనీస పన్ను అని మరో చేత్తో చాలావరకు ఆపారు. నా అభిప్రాయం అడిగితే, మ్యాట్ అవసరమే. లాభం పంచిపెట్టగల కంపెనీ ఖజానాకు ఏమీ ఇవ్వకపోవడం న్యాయం కాదు. కానీ వెనుకబడిన ప్రాంతానికి ఇచ్చిన రాయితీ కాలపరిమితి అయిదేళ్లే, మ్యాట్ క్రెడిట్ వాడుకోవడానికి మాత్రం పదిహేనేళ్లు. ఆ ప్రాంతానికి డబ్బు కావలసింది మొదటి అయిదేళ్లలో. 2014 విభజన చట్టంలో పన్ను ప్రోత్సాహకాలు ఇస్తామని రాసిన మాట, యూనిట్ చేతికి వచ్చేసరికి ఇలా కాలంలో చెదిరిపోయింది.

దువ్వాడ, అచ్యుతాపురం సెజ్‌లలోనూ, అంటే ప్రత్యేక ఆర్థిక మండలాల్లోనూ, ఇదే జరిగింది. ఎగుమతి లాభం మీద మొదటి అయిదేళ్లు పూర్తి మినహాయింపు, తర్వాతి అయిదేళ్లు సగం, ఆ తర్వాత షరతుల మీద ఇంకో అయిదేళ్లు సగం అన్నారు. 2011 బడ్జెట్‌లో సెజ్ యూనిట్ల మీద కూడా మ్యాట్ పెట్టారు. ‘పూర్తి మినహాయింపు’ అన్న బోర్డు అలాగే ఉంది, అసలు రేటు సున్నా నుంచి ఇరవై దగ్గరకు వెళ్లింది. 2019లో కొత్త రేటు వచ్చినప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. కొత్త పద్ధతికి మారే కంపెనీ పోగుచేసుకున్న మ్యాట్ క్రెడిట్‌ను వదులుకోవాలని ఆ ఏడాది అక్టోబరులో ప్రత్యక్ష పన్నుల బోర్డు తేల్చి చెప్పింది. కోట్ల కొద్దీ క్రెడిట్ ఉన్న కంపెనీలు, రేటు తక్కువని తెలిసీ పాత పద్ధతిలోనే ఉండిపోవడానికి ఇదే కారణం.

మనది పోర్టు ఊరు కాబట్టి ఓడల సంగతి ఒకటి చెప్పాలి. ఇది పన్నుల్లోకెల్లా విచిత్రమైన లెక్క. మన దేశంలో ఓడల కంపెనీ 2004 నుంచి టన్నేజీ పన్ను ఎంచుకోవచ్చు. ఎంచుకుంటే పదేళ్లు అందులో ఉండాలి. ఓడ ఎంత సంపాదించిందని అడగరు. దాని నికర టన్నేజీ, అంటే సరుకు పట్టే సామర్థ్యపు కొలత, ఎంతని అడుగుతారు. 2012లో సవరించిన పట్టిక ప్రకారం మొదటి 25,000 టన్నులకు కలిపి రోజుకు 11,770 రూపాయలు ఆదాయం వచ్చినట్టు లెక్క. ఆపైన ప్రతి 100 టన్నులకు 29 రూపాయలు. ముప్పై వేల టన్నుల ఓడకు రోజుకు 13,220 రూపాయలు. ఏడాదికి 48,25,300. దాని మీద పాతిక శాతం చొప్పున పన్ను వేసుకుంటే సుమారు 12 లక్షలు.

ఆ ఏడాది సరుకు రవాణా చార్జీలు పెరిగి ఆ ఓడ పది కోట్లు లాభం తెచ్చిందనుకోండి, పన్ను 12 లక్షలే. అసలు రేటు 1.2 శాతం. చార్జీలు పడిపోయి పది లక్షలే మిగిలాయనుకోండి, పన్ను 12 లక్షలే. లాభం మొత్తం పోగా చేతి నుంచి పడుతుంది. నష్టం వచ్చినా అంతే. మొదటి ఏడాది అంకె పట్టుకుని ‘దోపిడీ’ అనవచ్చు, రెండో ఏడాది అంకె పట్టుకుని ‘అన్యాయం’ అనవచ్చు. రెండూ ఒకే నిబంధన నుంచి వచ్చినవే. ఈ వెసులుబాటు ఎందుకంటే, ఓడకు జెండా మార్చుకోవడం, అంటే వేరే దేశంలో నమోదు కావడం, తేలిక. నెదర్లాండ్స్ 1996లో, బ్రిటన్ 2000లో ఈ పద్ధతి తెచ్చాయి. మనం తేకపోతే మన ఓడలు వేరే దేశాల జెండాల కిందకు పోతాయి. బదులుగా కంపెనీ తన లాభంలో 20 శాతం కొత్త ఓడల కోసం రిజర్వులో పెట్టాలి, నావిక అధికారులకు శిక్షణ ఇవ్వాలి. ఏమిచ్చి ఏమి పుచ్చుకున్నారో స్పష్టంగా కనిపించే రాయితీ ఇది. ఇలాంటివాటిని నేను సమర్థిస్తాను.

[సభలో ఒక పెద్దాయన: మరి ఉక్కు కర్మాగారం మాటేమిటి?]

అడిగినందుకు సంతోషం. విశాఖ ఉక్కు 2022-23లో 2,859 కోట్ల నష్టం, 2023-24లో దాదాపు 4,849 కోట్ల నష్టం చూపింది. నష్టం వచ్చిన ఏడాది అసలు రేటు అన్న మాటకు అర్థం ఉండదు, భాగించడానికి లాభమే లేదు. కానీ ఆ నష్టం పన్ను లెక్కలో ఊరికే పోదు. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల పాటు ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే లాభంలోంచి తీసేయవచ్చు. తీసుకోని తరుగుదలకైతే కాలపరిమితే లేదు. పుస్తకాల నష్టం, పన్ను లెక్కలోని నష్టం ఒకే అంకె కావన్నది గుర్తుంచుకోండి. అయినా, ఇంత నష్టం మోస్తున్న ఏ కర్మాగారమైనా లాభాల్లోకి వచ్చిన తర్వాత కొన్నేళ్లు పన్ను కట్టదు, లేదా అతి తక్కువ కడుతుంది. అప్పుడు ఎవరైనా ‘లాభాలొచ్చినా పన్ను కట్టడం లేదు’ అంటే, మునుపటి సంవత్సరాల పేజీలు తిప్పి చూడమని చెప్పండి. వ్యాపారం జీవితం ఏడాది కాదు. ఆర్థిక సంవత్సరం మనం గీసుకున్న గీత.

నష్టాల సంగతి దేశం మొత్తం లెక్కల్లోనూ గందరగోళం చేస్తుంది. అమెరికాలో 2006 నుంచి 2012 వరకు ప్రతి ఏడాదీ కనీసం మూడింట రెండు వంతుల కంపెనీలు ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టాల్సిన అవసరం లేకపోయిందని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తేల్చింది. వినగానే గుండె ఆగుతుంది. కానీ అందులో నష్టాల్లో ఉన్నవి, పాత నష్టాలు సర్దుకుంటున్నవి కూడా ఉన్నాయి. అందుకే అదే కార్యాలయం లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలను విడిగా తీసి చూసింది. వాటి సగటు అసలు రేటు 2014లో 16 శాతం, 2018లో 9 శాతం. మధ్యలో చట్టం రేటు 35 నుంచి 21కి తగ్గింది. ఈ రెండో అంకెను మాత్రం ఏ వివరణతోనూ కొట్టిపారేయలేం.

ఇంకో సంగతి. చట్టం రేటు తగ్గితే లాభం పెరగాలి కదా? 2019లో మన దగ్గర కొన్ని బ్యాంకులకు తిరగబడింది. మొండి బకాయిల కేటాయింపుల వల్ల బ్యాంకులు ముందే ఎక్కువ పన్ను కట్టి ఉంటాయి, తర్వాత తగ్గుతుందన్న ఆశను ‘వాయిదా పన్ను ఆస్తి’గా చూపించుకుంటాయి. 35 శాతం చొప్పున రాసుకున్న ఆ ఆస్తి 25 శాతం లోకంలో విలువ కోల్పోయింది. యాక్సిస్ బ్యాంకు ఆ జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఈ ఒక్క పద్దు కింద 2,138 కోట్లు తగ్గించుకోవాల్సి వచ్చి, 112 కోట్ల నికర నష్టం చూపింది. ఆ త్రైమాసికం అసలు రేటు వంద దాటింది, పన్ను తగ్గించిన త్రైమాసికంలోనే! ఒకే ఏడాది అంకెతో ఏ కంపెనీ గురించీ తీర్పు చెప్పకండి.

ఇప్పుడు నేను ఎక్కువ చెప్పాలనుకున్నది. ఎక్కువ కట్టే చిన్న కంపెనీ.

గాజువాకలో ఫ్యాబ్రికేషన్ చేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అనుకుందాం. పెద్ద ఫ్యాక్టరీలకు స్ట్రక్చర్లు చేసి ఇస్తుంది. పుస్తకాల్లో లాభం 40 లక్షలు. కొత్త పద్ధతిలో 25.168 శాతం, అంటే పది లక్షల పైచిలుకు కట్టాలి. యజమాని లెక్క అంతే. ఆడిటర్ కూర్చున్నాక మారుతుంది. నట్లు, బోల్టులు తయారుచేసి ఇచ్చే చిన్న యూనిట్‌కు ఆరు లక్షల బాకీ, ఒప్పందంలో ఉన్న 45 రోజులు దాటి మార్చి 31 నాటికి అలాగే ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి బాకీ పడితే చెల్లించిన ఏడాదే ఖర్చుగా ఒప్పుకుంటామని 2023లో చట్టం చేశారు. ఆరు లక్షలూ లాభంలో కలిసింది. వెల్డింగు పనివారి మేస్త్రీకి, స్క్రాపు అమ్మినవారికి ఒక్కరోజే పదివేలు దాటి నగదు ఇచ్చిన మొత్తాలు మూడు లక్షలు. అదీ కలిసింది. అయిదు లక్షల కాంట్రాక్టు చెల్లింపు మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) కోయలేదు. అందులో 30 శాతం, లక్షన్నర కలిసింది. జరిమానా ఒక యాభై వేలు. మొత్తం 11 లక్షలు. పన్ను పడే ఆదాయం 51 లక్షలైంది. పన్ను 12 లక్షల 84 వేలు. నలభై లక్షల లాభం మీద అది 32 శాతం.

చట్టం రేటు పాతిక. అసలు రేటు ముప్పై రెండు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. బాకీ చెల్లించిన ఏడాది ఆ ఆరు లక్షలు తిరిగి ఖర్చులోకి వస్తుంది, టీడీఎస్ కట్టేస్తే ఆ లక్షన్నర కూడా వస్తుంది. నగదు మూడు లక్షలు, జరిమానా మాత్రం ఎప్పటికీ రావు. అయితే ఆ చిన్న కంపెనీ ఆ నట్ల యూనిట్‌కు ఎందుకు చెల్లించలేకపోయింది? దానికి రావలసిన బిల్లు పెద్ద ఫ్యాక్టరీ నుంచి రాలేదు కాబట్టి. పెద్ద ఫ్యాక్టరీలో ఈ తేదీలు చూసుకోవడానికి ఒక విభాగమే ఉంటుంది. ఇక్కడ యజమానే సేల్సు, యజమానే క్యాషియరు. ఆ నిబంధనలో తప్పు లేదు, నట్ల యూనిట్‌ను కాపాడడానికే వచ్చింది. కానీ పన్ను రేటును నిర్ణయించే అంశాల్లో కంపెనీకి ఒక మంచి అకౌంటెంట్‌ను పెట్టుకునే స్తోమత ఉందా లేదా అన్నది కూడా ఒకటి. పుస్తకాల్లో ఎక్కడా ఇలా రాయరు గానీ, నేను రోజూ చూసేది ఇదే.

ఇది నా ఒక్కడి అనుభవం కూడా కాదు. 2006-07 నుంచి కేంద్ర బడ్జెట్ పత్రాల్లో, పన్ను రాయితీల వల్ల వదులుకున్న ఆదాయం ఎంతో చెప్పే ప్రకటన ఒకటి అనుబంధంగా వస్తోంది. అందులో లాభాల శ్రేణులవారీగా కంపెనీల అసలు రేటు పట్టిక ఉంటుంది. చాలా సంవత్సరాల పట్టికల్లో కోటి లోపు లాభం ఉన్న కంపెనీల రేటు, 500 కోట్లు దాటిన కంపెనీల రేటు కన్నా ఎక్కువగా ఉంది. సర్‌చార్జి పెద్దవాటికే ఎక్కువ పడినా ఇదీ పరిస్థితి. వెయ్యి కోట్ల యంత్రాలు కొనగలిగినవారికే పెద్ద తరుగుదల, పరిశోధనశాల పెట్టగలిగినవారికే పరిశోధన మినహాయింపు. పరవాడ ఫార్మా సిటీలో సొంత పరిశోధనశాలలో పరిశోధన చేసే మందుల కంపెనీ 2017 మార్చి వరకు ఆమోదం పొందిన ఖర్చుకు రెట్టింపు తీసేసుకునేది. తర్వాత ఒకటిన్నర రెట్లు, 2020 నుంచి ఖర్చయినంతే. ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు అలాంటి ఖర్చే లేదు. ఆ పట్టికను ప్రతి ఏడాదీ ప్రచురించడం ప్రభుత్వం చేసిన మంచి పని. దాన్ని చదివి ప్రశ్నించడం మనం చేయాల్సిన పని.

రాష్ట్రం ఇచ్చే ప్రోత్సాహకాల గురించి రెండు మాటలు. 2025లో రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ అసలు రేటులో అది ఎక్కడా కనిపించదని గమనించండి. నగదు రూపంలో వచ్చే సబ్సిడీ అయితే మరో దారి. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త పరిశ్రమలకు అమ్మకం పన్ను తిరిగి ఇస్తామంది. హైదరాబాదు సాహ్నీ స్టీల్ కంపెనీ ఆ డబ్బు తన ఆదాయం కాదని వాదించింది. 1997లో సుప్రీంకోర్టు అది వ్యాపార ఆదాయమే, పన్ను కట్టాలంది. ఉద్దేశాన్ని బట్టి కొన్ని సబ్సిడీలకు పన్ను లేదని 2008లో పొన్ని షుగర్స్ కేసులో చెప్పింది. ఆ తర్వాత 2015లో చట్టాన్నే మార్చి, ఆస్తి ఖరీదులో తగ్గించేది తప్ప దాదాపు ప్రతి సబ్సిడీనీ ఆదాయం కిందకు తెచ్చారు. అమరావతి ఇచ్చినదాంట్లో పావు వంతు ఢిల్లీకి వెళుతుందన్నమాట. రాయితీ పత్రంలో అంకె చూసి మురిసిపోయే పారిశ్రామికవేత్తలకు నేను ముందు చెప్పేది ఇదే.

దేశాలు దాటే లాభాల గురించి చెప్పకపోతే విషయం సగమే. ఐర్లండులో చట్టం రేటు 12.5 శాతం. అక్కడి ఆపిల్ అనుబంధ కంపెనీ అసలు రేటు 2003లో 1 శాతం, 2014 నాటికి 0.005 శాతమని యూరోపియన్ కమిషన్ 2016లో తేల్చింది. పది లక్షల యూరోల లాభానికి 50 యూరోల పన్ను. లాభంలో పెద్ద భాగాన్ని ఉద్యోగులు గానీ భవనం గానీ లేని ‘ప్రధాన కార్యాలయం’ ఖాతాలో వేయడం దీనికి మూలం. 1,300 కోట్ల యూరోలు వసూలు చేయమన్న ఆదేశాన్ని 2024 సెప్టెంబరు 10న యూరప్ అత్యున్నత న్యాయస్థానం నిలబెట్టింది. రేటు కాదు, లాభం ఎక్కడ రాశారన్నదే నిర్ణయిస్తుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు. 2021 అక్టోబరులో 136 దేశాలు, 75 కోట్ల యూరోలకు పైగా ఆదాయం ఉన్న బహుళజాతి సంస్థలకు కనీసం 15 శాతం అసలు రేటు ఉండాలని ఒప్పుకున్నది అందుకే. అమలు ఇంకా అన్నిచోట్లా ఒకేలా లేదు. మన రాష్ట్రాలకు దీనిలో ఒక హెచ్చరిక ఉంది. ఇలాంటి సంస్థ పన్నును 15 కన్నా కిందకు దించితే, ఆ మిగులు కంపెనీకి మిగలకపోవచ్చు. దాని సొంత దేశమో, మరో దేశమో తీసుకోవచ్చు.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాను. ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక తీయండి. పన్ను ఖర్చుకు సంబంధించిన నోటులో ఒక పట్టిక ఉంటుంది. చట్టం రేటు ప్రకారం పడాల్సిన పన్ను పైన, నిజంగా లెక్కతేలిన పన్ను కింద, మధ్యలో తేడాకు కారణాలు ఒక్కొక్క వరుసలో. సామాజిక బాధ్యత ఖర్చు పన్ను లెక్కలో చెల్లదు కాబట్టి ఒక వరుస పన్నును పెంచుతుంది. మినహాయింపు ఆదాయం ఒక వరుస తగ్గిస్తుంది. ‘ఇతరాలు’ అన్న వరుస పెద్దదిగా ఉంటే అక్కడ ఆగండి. నేనైతే నివేదికలో ఛైర్మన్ సందేశం కన్నా ముందు ఆ పట్టిక చదువుతాను.

[సభలో ఒక విద్యార్థిని: ఉద్యోగాలు ఇచ్చే కంపెనీకి పన్ను తగ్గించే ఏర్పాటు ఏదైనా ఉందా అండి?]

ఉందమ్మా. కొత్త తక్కువ రేటు ఎంచుకున్నా వదులుకోనక్కరలేని కొద్ది మినహాయింపుల్లో అది ఒకటి. కొత్తగా చేర్చుకున్నవారి జీతం పూర్తిగా ఖర్చులో పోతుంది. దానికి అదనంగా ఆ జీతంలో 30 శాతం, మూడేళ్ల పాటు, ఆదాయంలోంచి తీసేయవచ్చు. నెలకు ఇరవై వేల జీతమైతే ఏడాదికి 2,40,000. ముప్పై శాతం అంటే 72,000. పన్నులో మిగిలేది ఏడాదికి 18,000 పైచిలుకు, మూడేళ్లకు 54,000. షరతులున్నాయి. మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరగాలి, జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, ప్రావిడెంటు ఫండులో చేర్చాలి, ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలి. దుస్తులు, చెప్పులు, తోలు పరిశ్రమకు 150 రోజులు చాలు. అచ్యుతాపురంలో కుట్టుమిషన్ల మీద కూర్చునే వేలమంది ఆడపిల్లలను లెక్కలోకి తెచ్చే నిబంధన అది. జీతం నెలకు 25,000 దాటకూడదన్న పరిమితి 2016 నాటిది. విశాఖలో ఇవాళ మంచి వెల్డర్‌కు అది చాలదు, పెంచాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఆటోనగర్ నుంచి వచ్చినవారు వినండి. దీనికి ఆడిటర్ నివేదిక ఒకటి గడువులోగా వేయాలి. అర్హత ఉండీ ఆ ఒక్క కాగితం వేయక ఈ డబ్బు వదులుకున్న కంపెనీలు నా కళ్ల ముందే ఉన్నాయి. ఈ ఏడాది చేర్చుకున్నవారి పేర్లు, చేరిన తేదీలు, పీఎఫ్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని ఈ వారంలోనే మీ ఆడిటర్ దగ్గరకు వెళ్లండి.